ఆకస్మిక భయవ్యాధి: గ్రామములలో దాని చికిత్స

దోమల నివారణకు మందు చల్లించుట, మంచినీటి ట్యాంకులను శుభ్రపరచుట, మురుగు నిలువకుండ చూచుట మున్నగు పనులు పంచాయతీ సభ్యులకు నిత్యకృత్యములు. వీని వలన అంటువ్యాధులు తగ్గునని అందరును ఎరుగుదురు. అయితే దోమవలన గాని, నీటివలన గాని రాని వ్యాధి యొకటి కలదు. రక్తపరీక్షలో అది తేలదు, ఎక్స్‌రేలో కనబడదు. కాని ఆ వ్యాధి ముదిరిన మనిషి పొలమునకు ఒంటరిగా పోజాలడు, బస్సు ఎక్కజాలడు, సంతలో నిలువజాలడు. వైద్యులు దీనిని పానిక్ డిజార్డర్ అందురు. ఆకస్మిక భయవ్యాధి యని మనము చెప్పుకొనవచ్చును. పల్లెలలో దీనిని గాబరా యనియు, గుండెదడ యనియు, ఒక్కొక్కచోట గాలి సోకినదనియు అనుచుందురు.

ఈ వ్యాధిని గూర్చి రెండు సంగతులు ముఖ్యముగా గ్రహింపవలసియున్నవి. మొదటిది, ఇది నయమగు వ్యాధి. రెండవది, దీని చికిత్సలో వైద్యుని యెదుట కూర్చుండవలసిన కాలము కొద్ది. ఇంటివద్దను ఊరిలోను రోగి స్వయముగా చేయవలసిన అభ్యాసము ఎక్కువ. మానసిక వైద్యులు జిల్లా కేంద్రములలోనే అరుదుగా నుండు నేటి పరిస్థితిలో ఈ రెండవ సంగతి గ్రామములకు ఎంతో ఊరట నిచ్చునది. అభ్యాసము ఊరిలో జరుగవలసినది గనుక ఊరివారి సహకారము దానికి ఆవశ్యకము.

వ్యాధి యెట్లు వచ్చును?

ధరూరు మండలములో సీడుపత్తి సాగుచేయు ఒక రైతును ఉదాహరణకు ఊహించుకొందము. వయస్సు ముప్పది అయిదు. దృఢమైన శరీరము. ఒకనాడు గద్వాలకు బస్సులో పోవుచుండగా, ఏ కారణమును లేకయే అతని గుండె వేగముగా కొట్టుకొనును. చెమటలు పట్టును. ఊపిరి ఆడనట్లు తోచును. చేతివ్రేళ్లు తిమ్మిరెక్కును. కన్నులు తిరుగును. ఇదే తన కడపటి ఘడియ యని అతడు నిశ్చయించుకొనును. తోడివారు అతనిని దింపి ఆసుపత్రికి చేర్తురు. అక్కడ ఈసీజీ తీయుదురు. అప్పటికే గుండెదడ తగ్గియుండును. “నీకేమియు లేదు, ఇంటికి పొమ్ము” అని చెప్పుదురు.

“ఏమియు లేదు” అను మాట అతనికి ధైర్యము నీయదు. తాను అనుభవించినది నిజము. అది ఏదో తెలియలేదు గనుక మరల వచ్చునేమో యను భయము అతనిని పట్టుకొనును. మరికొన్ని నాళ్లకు అది మరల వచ్చును. పిమ్మట అతడు బస్సు మానును. తరువాత సంత మానును. కొన్ని నెలలకు పొలమునకు పోవుటకును భార్య తోడు కావలసివచ్చును. ఒకరి జబ్బుకు ఇద్దరి పని చెడును. కర్నూలులో ఒక పరీక్ష, హైదరాబాదులో ఇంకొక పరీక్ష, నడుమ అంత్రములు, దిష్టితీతలు, సెలైను సీసాలు. పంట చేతికి రాకముందే అప్పు పెరుగును. ప్రాణము తీయని ఈ వ్యాధి కుటుంబమును ఈ విధముగా క్రుంగదీయును. పురుషుల కంటె స్త్రీలలో ఈ వ్యాధి ఎక్కువగా కనబడుచున్నది. ఆమె ఇల్లు కదలకున్నను ఎవరును వింతగా చూడరు గనుక, స్త్రీల బాధ చాలకాలము బయటపడకుండుటయు కలదు.

శరీరములో జరుగునదేమి?

ధరూరు మండలమునందలి రేవులపల్లి వద్ద కృష్ణానదిపై ప్రియదర్శిని జూరాల ప్రాజెక్టు కలదు. ఎగువనుండి వరద వచ్చి గేట్లు ఎత్తవలసినపుడు, దిగువనున్న జాలరులును పశువుల కాపరులును ఒడ్డు చేరుటకై ముందుగా హెచ్చరిక చేయవలసియుండును. ఆ హెచ్చరిక ప్రాణరక్షకము. మన శరీరములో కూడ ఇట్టి ఏర్పాటు కలదు. గట్టుపై పాము కనబడినదనుకొనుడు. వెంటనే ఎడ్రినలిన్ అను రసము రక్తములోనికి విడుదలయగును. గుండె వేగము హెచ్చి కండరములకు రక్తము పంపును. ఊపిరి వేగమగును. మనిషి ఒక్క గంతున ప్రక్కకు దూకును. ఈ మార్పులన్నియు మనలను కాపాడుటకు ఏర్పడినవే.

ఆకస్మిక భయవ్యాధిలో వరద లేకయే సైరను మ్రోగును. పాము లేదు, దొంగ లేడు. గుండె మాత్రము పరుగెత్తును. సైరను మ్రోగినంత మాత్రమున ఊరు మునుగదు. కాని ఆ మనిషి సైరనునే వరద యనుకొనును. గుండెదడను గుండెపోటుగాను, కన్నులు తిరుగుటను పక్షవాతముగాను, మనస్సు చెదరుటను పిచ్చిగాను భావించును. ఆ భావనవలన భయము హెచ్చును. భయమువలన ఎడ్రినలిన్ హెచ్చును. దానివలన గుండెదడ మరింత హెచ్చును. గానుగెద్దు తిరిగినట్లు ఇది ఒక వలయముగా తిరుగుచుండును. ఆంగ్లదేశమున ఆక్స్‌ఫర్డులో పనిచేసిన డేవిడ్ క్లార్క్ అను మనోవైజ్ఞానికుడు 1986లో ఈ వలయమును స్పష్టముగా వివరించెను. నేటి చికిత్సకు ఆ వివరణము ఒక ముఖ్యమైన పునాది.

చేతులు తిమ్మిరెక్కుటకు కారణమును తెలిసికొనవలెను. భయములో మనిషి అవసరమునకు మించి ఊపిరి తీయును. అందువలన రక్తములో బొగ్గుపులుసు వాయువు తగ్గును. దాని ఫలితముగా వ్రేళ్లు, పెదవులు తిమ్మిరెక్కును, తల తేలికయైనట్లుండును. ఊపిరి చాలలేదని ఇంకను గట్టిగా పీల్చినకొలది ఈ బాధ హెచ్చును. ఊపిరి నెమ్మదించినచో తగ్గును. భయము కొద్ది నిమిషములలో పరాకాష్ఠ నందుకొని, సాధారణముగా అరగంటలోపల తనంతట తాను దిగిపోవును.

మొదట పరీక్ష, పిమ్మట ధైర్యము

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. గుండెదడ యన్నంతనే భయవ్యాధి యని ఊరివారు తీర్మానింపరాదు. మొదటిసారి ఛాతీలో నొప్పి వచ్చినను, నొప్పి ఎడమచేతికి గాని దవడకు గాని ప్రాకినను, మనిషి స్పృహ తప్పినను, ఆలస్యము చేయక 108కి ఫోను చేయవలెను. రక్తహీనత, థైరాయిడు దోషము, చక్కెరవ్యాధికి మందు వాడువారిలో చక్కెర పడిపోవుట, కొన్ని గుండెజబ్బులు ఇట్టి లక్షణములనే చూపగలవు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు డాక్టరు వీనిని పరీక్షించి లేవని తేల్చిన పిమ్మటనే భయవ్యాధి మాట తలపెట్టవలెను. ఒకసారి చక్కగా తేలిన పిమ్మట, వైద్యుడు కోరనిదే అవే పరీక్షలను మరల మరల చేయించుట ధనవ్యయమే గాక, అనుమానమును పెంచుట కూడ అగును.

పాలమూరు ప్రాంతమునకు సంబంధించిన మరియొక విషయము కలదు. కల్తీకల్లులో అల్ప్రాజోలం, డైజీపాం వంటి మత్తుమందులు కలుపుట చాలకాలముగా నున్న దురాచారము. అట్టి కల్లుకు అలవాటుపడినవారు ఒక్కసారిగా మానినచో చేతులు వణకును, నిద్ర పట్టదు, గుండెదడ వచ్చును, ఫిట్సు కూడ రావచ్చును. 2015లో తెలంగాణమున కల్తీకల్లుపై దాడులు ముమ్మరమైనపుడు ఇట్లు బాధపడినవారు పలువురు ఆసుపత్రులలో చేరిరి. ఇది భయవ్యాధి కాదు. దీనికి ఆసుపత్రిలో వేరు చికిత్స కావలెను. భయవ్యాధికి కూడ అవే మత్తుబిళ్లలను దుకాణమున కొని మ్రింగువారు కలరు. ఆ బిళ్లలు అప్పటికి ఊరట నిచ్చినను క్రమముగా అలవాటుగా మారును. ఇంతకుముందే వాడుచున్నవారు వానిని తామంతట తాము ఒక్కసారిగా మానరాదు. డాక్టరు సలహాతో కొద్దికొద్దిగా తగ్గించుకొనవలెను. భయవ్యాధికి పనికివచ్చు వేరు మందులు కలవు. అవి ఎవరికి అవసరమో డాక్టరే నిర్ణయింపవలెను.

ఆలోచనను, ఆచరణను మార్చు చికిత్స

మందు లేకయు, మందుతోపాటును చేయదగిన చికిత్సను కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ అందురు. ఆలోచనను, ఆచరణను సరిదిద్దు చికిత్స యని దాని భావము. ఇందులో ఉపదేశము కంటె పరీక్ష ముఖ్యము. “భయపడకుము” అని చెప్పినందువలన ఎవరి భయమును పోదు. తాను అనుకొన్న కీడు జరుగునా జరుగదా యని రోగియే స్వయముగా చూచుకొనునట్లు చేయుట ఈ పద్ధతి.

మొదట రోగి ఒక నోటుపుస్తకము ఉంచుకొనును. దాడి వచ్చినపుడు ఎచ్చట ఉన్నాడు, శరీరములో ఏమి తోచినది, ఏమి జరుగునని భయపడినాడు, చివరకు ఏమి జరిగినది అను నాలుగు సంగతులను వ్రాసికొనును. నెల గడచునప్పటికి “చనిపోవుదును” అని పదిసార్లు వ్రాసియుండవచ్చును. ప్రక్క గడిలో పదిసార్లును “అరగంటలో తగ్గినది” అని యుండును. ఈ లెక్క అతని కన్నులయెదుట నిలుచు సాక్ష్యము.

రెండవ మెట్టు, ఆ లక్షణములను తానే తెప్పించుకొనుట. చికిత్సకుని పర్యవేక్షణలో ఒక నిమిషము వేగముగా ఊపిరి తీసినచో వ్రేళ్లు తిమ్మిరెక్కును. నిలిచినచోటనే పరుగుపెట్టినచో గుండె దడదడలాడును. తాను తెప్పించుకొన్న గుండెదడ తనంతట తగ్గుట చూచినపుడు, బస్సులో వచ్చిన గుండెదడయు అట్టిదే యని రోగికి అనుభవమువలన తెలియును. గర్భిణులు, గుండెజబ్బు, మూర్ఛ, ఉబ్బసము గలవారు డాక్టరు అనుమతి లేక ఈ అభ్యాసము చేయరాదు.

మూడవ మెట్టు, రక్షణకని పెట్టుకొన్న ఊతలను విడుచుట. నీళ్లసీసా లేక కదలకుండుట, జేబులో బిళ్ల ఉంచుకొనుట, నాడిని మాటిమాటికి చూచుకొనుట, ఎవరినో ఒకరిని వెంట తీసికొనిపోవుట ఇట్టివి. వీనివలన తాను బ్రతికితినని రోగి తలచును. వీనిని విడిచినను ఏమియు కాలేదని తెలిసినపుడే భయము వేరుతో పోవును.

నాల్గవది, మానివేసిన చోట్లకు మెట్లుమెట్లుగా మరల పోవుట. మన ఉదాహరణములోని రైతు మొదట ధరూరు బస్సుస్టాపులో పది నిమిషములు నిలుచును. తరువాత ఒక స్టేజీ దూరము బస్సులో తోడుతో పోవును. అటుపిమ్మట ఒంటరిగా పోవును. అది సాధించిన పిదప గద్వాల బస్టాండుకు, ఆపైన సంతకు. ప్రతి మెట్టున భయము వచ్చినను పారిపోక, అది దానంతట తగ్గువరకు నిలుచును. అదే మెట్టును చాలమారులు ఎక్కును. భయము తగ్గినపుడు పోవుదునని కూర్చున్నవానికి భయము తగ్గదు, పోవుచుండగా తగ్గును.

కొద్దిసార్లు కలిసినను చాలునా?

పై అభ్యాసములలో హెచ్చుభాగము ఇంటివద్దనే చేయవలసినది గదా, చికిత్సకుని అన్నిసార్లు కలియనక్కరయున్నదా యను ప్రశ్న పుట్టినది. దీనిని తేల్చుటకు డేవిడ్ క్లార్కును అతని సహచరులును ఒక పరిశోధన జరిపి 1999లో ప్రకటించిరి. 43 మంది రోగులను మూడు జట్లుగా చేసిరి. ఒక జట్టునకు గంటచొప్పున 12 వరకు కూర్చుండుటలు. రెండవ జట్టునకు 5 కూర్చుండుటలు మాత్రమే; అయితే ప్రతిదానికి ముందు ఇంటివద్ద చదివి అభ్యసించుటకు పాఠముల నిచ్చిరి. మూడవ జట్టువారు చికిత్సకై మూడు నెలలు వేచియుండిరి. చికిత్స పొందిన రెండు జట్లును వేచియున్న జట్టుకంటె ఎంతో మెరుగుపడినవి. అయిదుసార్లు కలిసినవారు పన్నెండుసార్లు కలిసినవారికి తీసిపోలేదు. ఏడాది తరువాత చూచినను ఆ మేలు నిలిచియుండెను.

ఆ పరిశోధనలో పాల్గొన్నవారు కొద్దిమందియే యని మరువరాదు. అయినను దారి ఇదియే యని తరువాతి అనుభవము కూడ చూపినది. బ్రిటను దేశమున వైద్యవిధానములను నిర్దేశించు నైస్ అను సంస్థ, ఈ వ్యాధికి మొత్తము 7 నుండి 14 గంటల చికిత్స తగినదనియు, స్వయముగా చదివి చేసికొను పాఠములను జతపరచినచో సుమారు 7 గంటలతో సరిపుచ్చవచ్చుననియు సూచించియున్నది.

అందరికిని ఈ కొద్దిపాటి సాయము చాలదు. తీవ్రమైన దిగులు, మద్యపు అలవాటు, చావవలెనను తలంపు గలవారికి పూర్తి వైద్యము కావలెను. ఇంటిలో ఎవరైనను చావు మాట యెత్తినచో దానిని తేలికగా తీసికొనరాదు. వారిని ఒంటరిగా విడువక, పురుగుల మందును అందకుండ దాచి, వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను.

తెలుగునాట అనుభవము

మానసిక వైద్యమును పల్లెలకు చేర్చు యత్నము క్రొత్తది కాదు. 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమము ఆరంభమైనది. 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమమును దేశములో మొదట నాలుగు జిల్లాలలో ప్రవేశపెట్టగా, వానిలో మెదకు జిల్లా యొకటి. పెద్ద ఆసుపత్రి యొక్క పనిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు దింపుటయే దాని ఉద్దేశము.

పశ్చిమగోదావరి జిల్లాలో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అను సంస్థ ఒక అడుగు ముందుకు వేసినది. 30 గిరిజన గ్రామములలో ఆశా కార్యకర్తలకు శిక్షణమిచ్చి, చేతిలో ట్యాబు పెట్టి, ఇంటింటికి పంపిరి. వారు 5,007 మంది పెద్దవారిని ప్రశ్నించి, దిగులు, ఆందోళన వంటి బాధలున్నట్లు తోచిన 238 మందిని గుర్తించిరి. పేర్లు డాక్టరుకు చేరినవి. ఫోను ద్వారా జ్ఞాపకము చేయుచుండిరి. 2017లో ప్రకటించిన ఫలితముల ప్రకారము, అట్టివారిలో వైద్యసేవ పొందినవారు పూర్వము 0.8 శాతము కాగా తరువాత 12.6 శాతమైరి. వారి బాధయు తగ్గినది.

ఈ అంకెను రెండు వైపులనుండియు చూడవలెను. చదువరులు గాని వైద్యులు గాని కాని గ్రామస్త్రీలు రోగులను గుర్తింపగలరని ఇది నిరూపించినది. అయితే గుర్తించిన పిమ్మటను ప్రతి ఎనమండుగురిలో ఏడుగురు వైద్యుని కడకు పోలేదు. దూరము, కూలి నష్టము, నలుగురు ఏమనుకొందురో యను సిగ్గు వారిని ఆపియుండవచ్చును. వీనిని తొలగించుట ఒక్క వైద్యునివలన కాదు. ఇందుకు గ్రామపెద్దలే పూనుకొనవలెను.

ఇప్పుడు దూరమును తగ్గించు సాధనమొకటి కలదు. 2022 అక్టోబరు 10న కేంద్రప్రభుత్వము టెలిమానస్ అను సేవను ప్రారంభించినది. 14416 అను నంబరుకు పగలు గాని రాత్రి గాని ఉచితముగా ఫోను చేసి, తెలుగులోనే సలహా పొందవచ్చును. అవసరమైనచో వారు మానసిక వైద్యునితో కలుపుదురు. దగ్గరి ఆసుపత్రికిని దారి చూపుదురు.

పంచాయతీ సభ్యులు చేయదగిన పనులు

1. 14416 నంబరును పంచాయతీ కార్యాలయము, పాఠశాల, ఆరోగ్య ఉపకేంద్రము, రేషను దుకాణము గోడలపై పెద్ద అక్షరములతో వ్రాయించవలెను. “గుండెదడ, గాబరా, నిద్రలేమి” అని ప్రక్కన వ్రాసినచో ఎవరికి పనికివచ్చునో తెలియును. “మానసిక రోగులకు” అని వ్రాసినచో ఎవరును చూడరు.

2. సొంతఫోను లేని స్త్రీలు పలువురు గలరు. పంచాయతీ భవనములో గాని అంగన్‌వాడీలో గాని తలుపు వేసికొని మాటాడుకొనుటకు వీలైన గదిని, ఒక ఫోనును వారమున కొన్ని గంటలు అందుబాటులో ఉంచవలెను.

3. నోటుపుస్తకము వ్రాయలేనివారికి వ్రాసిపెట్టుటకు, మెట్లుమెట్లుగా బయటికి పోవునపుడు తోడుండి క్రమముగా ప్రక్కకు తొలగుటకు ఒక సహాయకుడు కావలెను. ఉపాధ్యాయుడు, ఆశా కార్యకర్త, మహిళాసంఘ సభ్యురాలు, చదువుకొన్న యువకుడు తగుదురు. రోగి తానే ఎన్నుకొనవలెను. సహాయకుడు చికిత్సకుడు కాడు. చికిత్సకుడు చెప్పిన అభ్యాసము జరుగుచున్నదా యని చూచువాడు మాత్రమే.

4. రోగి పేరును గ్రామసభలో ప్రస్తావింపరాదు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము, 2017, వైద్యసేవను ప్రతివారికి హక్కుగా నిచ్చినది. వ్యాధి వివరములు గోప్యముగా నుండుటయు రోగి హక్కేయని చెప్పినది.

5. దేవుని మ్రొక్కు తీర్చుకొనువారిని ఎగతాళి చేయరాదు. కాని భూతవైద్యమునకై అప్పు చేయుటకును, కొట్టుటకును, కట్టివేయుటకును పెద్దలు అడ్డుపడవలెను. “ముందు డాక్టరుకు చూపుడు” అని సర్పంచి చెప్పిన మాటకు ఊరిలో విలువ యుండును.

6. బాధలోనున్నవానిని జాలితో పనిలోనికి పిలువకుండుట మేలు కాదు. ఇంటిలో కూర్చుండబెట్టినకొలది భయము వేరూనును. అతడు చేయగలిగిన పనికి, చేయగలిగినంతసేపు పిలువవలెను. కుటుంబమువారు కూడ ప్రతిచోటికి తోడుపోవుట క్రమక్రమముగా తగ్గింపవలెను.

వీనిలో హెచ్చు ధనము కావలసిన పని యొకటియు లేదు. గోడమీద ఒక నంబరు, తలుపుగల ఒక గది, రహస్యము కాపాడగల ఒక మనిషి ఉన్నచో చాలును. ఇవి సమకూర్చిన గ్రామములో, మానసిక వైద్యుడు ఎంత దూరమున నున్నను, బస్సు మానుకొన్న రైతు మరల గద్వాల సంతకు ఒంటరిగా పోయి రాగలడు; అతనికి తోడుపోవుటకై కూలి మానుకొన్న భార్య తన పనికి తాను పోగలదు. తదుపరి పంచాయతీ సమావేశపు కార్యక్రమములో ఈ అంశమును చేర్చుకొనవలసినదిగా సభ్యులను కోరుచున్నాము.